వియ్యంకుల ఊరికి పోయే రోగం

మొన్న జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే, కొత్తగా చేరిన నర్సమ్మాయి నా వేలికి చిన్న క్లిప్పు తగిలించి, తెరమీద అంకె చూసి, "సబ్ ఠీక్ హై, మేడమ్" అంటూ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. నా చెయ్యి మాత్రం అలాగే గాలిలో ఉండిపోయింది. ఎవరో వచ్చి మణికట్టు పట్టుకుంటారని అది ఎదురుచూస్తోంది. చిన్నప్పటి నుంచీ పడిపోయిన అలవాటు మరి.

మా పక్కింటి సిస్టరమ్మ ఎవరు ఎదురైనా నమస్కారం పెట్టేది కాదు. మణికట్టు పట్టుకునేది. బస్తర్‌లోని మా బచేలి సంతలో కూరగాయల గుట్టల మధ్య, చర్చి మెట్ల మీద, కదలబోయే బండి కిటికీలోంచి కూడా. మూడు వేళ్లు నాడి మీద ఆనించి, కళ్లు సగం మూసి నిలబడేది. ఆ కాసేపూ మనం నోరు మెదపకూడదు. మెదిపితే చురచుర చూసేది.

"ఉండు బిడ్డా. నువ్వు బాగున్న అని అబద్ధం చెప్తవ్. ఇది చెప్పదు."

మాది రైల్వే క్వార్టర్లలో వాళ్ల పక్క ఇల్లు. ఆమె భర్తను అందరూ గార్డుగారు అనేవారు. విజయనగరం వైపు మనిషి, ఇనప ఖనిజం బండ్ల వెనక పెట్టెలో ఉద్యోగమంతా గడిపినవాడు. ఆమె గొల్లపల్లి దొర్ల తెగ ఆడపడుచు. మిషన్ వాళ్ల దగ్గర నర్సు చదువు చదివి, కొన్నాళ్లు కిష్టారం వైపు ఊళ్లు తిరిగి, తర్వాత బచేలి వచ్చి ఇక్కడే రిటైరయింది. పిల్లలు లేరు. ఉద్యోగం అయిపోయాక కూడా రోజూ గంజిపెట్టిన తెల్లచీరే కట్టేది. "రంగు చీర కడితే జనం నన్ను పేషెంటనుకుంటరు" అనేది.

ఆ ఇంట్లో రెండు తెలుగులు కాపురం చేసేవి. గార్డుగారిది "ఏటి", ఆమెది "ఏంది". "ఏటే, కూర సేసీసినావా?" అని ఆయన అడిగితే, "ఏంది, బండికి ఊపినట్టు జెండా ఊపుతున్నవ్? అయినంక పిలుస్త" అని ఆమె. సంతలో హల్బీలో బేరమాడేది. ఆసుపత్రిలో హిందీలో గదమాయించేది. నొప్పులు పడే అమ్మాయిల తల నిమురుతూ గోండీ మాట్లాడేది. తన పుట్టింటి భాష దొర్లి మాత్రం చెల్లెలు వస్తేనే బయటికి తీసేది. అప్పుడు ఇద్దరూ వాకిట్లో కూర్చుని, చీమల పచ్చడి బ్రెడ్డుకి రాసుకు తింటూ గంటలకొద్దీ నవ్వుకునేవారు. ఆ పచ్చడి వాసనకు గార్డుగారు కుర్చీ ఎత్తుకుని మా వాకిట్లోకి వచ్చేసేవారు.

ఆమెకు ఒక మాట ఉండేది. రోగం ఎక్కడుందని కాదు, ఏ దారిన వచ్చిందని అడగాలి అనేది. ఎవరైనా ఎందుకలా అంటే గజ్జి కథ మొదలుపెట్టేది. మా వీధిలో ఆ కథ రానివాళ్లు లేరు.

కిష్టారం వైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఊళ్లో పిల్లలందరికీ గజ్జి పట్టిందట. ఆ ఊరి పని చూసి, ఇక పక్క ఊరికే పాకుతుంది కదా అని, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటి పక్క ఊరికి పరుగెత్తిందట. అక్కడ ఒక్కడు కూడా గోక్కోవడం లేదు. ఊరి ఆడవాళ్లు ఈమెను చూసి, "రోగం రాకముందే మందు తెచ్చినావా, మాకు రావాలని మొక్కుకున్నావా?" అని పడీపడీ నవ్వారట. రెండు కొండలు దాటి ఎక్కడో దూరాన ఉన్న ఊరు మాత్రం మొత్తం గోక్కుంటోందని తర్వాత తెలిసింది.

"ఎందుకంటవ్?" అని మమ్మల్ని అడిగేది. మేం జవాబు తెలిసినా తెలియనట్టు చూసేవాళ్లం. "పక్కూరికీ వాళ్లకీ పడదు బిడ్డా. పిల్లనియ్యరు, తెచ్చుకోరు. దూరపూరు వియ్యంకులది! పండగకి పోతరు, ఒక్క దుప్పట్ల పండుకుంటరు. రోగం కాళ్లతోని నడవదు, చుట్టరికంతోని నడుస్తది." అని తనమీద తనే అందరికంటే గట్టిగా నవ్వేది.

ఒకరోజు సాయంత్రం ఆ కథ చెప్పింది. నేను నవ్వాను. టీ తాగాం. గ్లాసులు కడిగి వచ్చి కూర్చుని, నా మణికట్టు పట్టుకుని, "నీకు గజ్జి కథ చెప్పిన్నా ఎప్పుడైనా?" అని మళ్లీ మొదలుపెట్టింది. ఎప్పుడూ చెప్పే కథే కదా అని నేను మొదట గమనించలేదు. గార్డుగారి ముఖం చూశాకే నాకు తెలిసింది. ఆ వారంలో ఆమె ఇలా చెప్పిందే చెప్పడం ఆయన చాలాసార్లు చూశారట.

ఆమె కూడా ఆయన ముఖం చూసింది. కథ మధ్యలో ఆపేసింది.

"చెప్పిన్నా?" అంది.

"చెప్పావు సిస్టరమ్మా, ఇప్పుడే."

కాసేపు తన నాడి తనే పట్టుకుని కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతో, "పాతది నిలుస్తది, కొత్తది నిలవట్లే. ఇది నాకు తెలుసు ఏందో. పోదాం పా, చూపించుకుందాం" అంది. ఏడవలేదు. వేరే వాళ్ల రోగం గురించి చెప్పినట్టే చెప్పింది.

ముగ్గురం కిరండూల్ బండిలో విశాఖ వెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక, మెదడు జబ్బుల డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. వయసులో ఉన్న మనిషి. నెమ్మదిగా మాట్లాడింది. అల్జీమర్స్ అని చెప్పింది. గార్డుగారు తలవంచుకున్నారు. సిస్టరమ్మ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఏ దారిన పోతది ఇది?"

బహుశా ఆ ప్రశ్న డాక్టరమ్మను ఎవరూ అడిగి ఉండరు. మందు ఉందా, ఎన్నాళ్లు బతుకుతారు అని అడుగుతారు. మెదడు బొమ్మ ముందుకు లాగి, పెన్సిల్‌తో చూపించింది.

మెదడు కణాల్లో ఉండే ఒక ప్రోటీన్ వంకరపోయి ఉండకడుతుందట. సాధారణంగా అది మొదలయ్యేది కణతల లోపలి వైపు, కొత్త జ్ఞాపకాలు లోపలికి వెళ్లే గుమ్మం లాంటి చోట. అక్కణ్ణుంచి బయల్దేరుతుంది.

"బట్టమీద సిరా మరక పాకినట్టు చుట్టూ పాకుతుందని అనుకుంటాం కదా. కానీ అలా కాదని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నాం. మెదడులో ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య సన్నని నరాల తీగలుంటాయి. పక్కనే ఉన్నా తీగలు తక్కువున్న చోటికి ఇది ఆలస్యంగా వెళ్తుంది. దూరంగా ఉన్నా గట్టిగా కలిసి ఉన్న చోటికి ముందే చేరుతుంది. చేరి, అక్కడి మంచి ప్రోటీన్‌ని కూడా తనలాగే వంకరగా మారుస్తుంది. అక్కణ్ణుంచి..."

"అక్కణ్ణుంచి దాని చుట్టాలింటికి!" సిస్టరమ్మ బల్లమీద చరిచింది. "గజ్జి! వియ్యంకుల ఊరికి పోయే రోగం! ఏందయ్యా గార్డూ, నేను చెప్పలే?"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు సిస్టరమ్మ గజ్జి కథ మొత్తం, మందుల పెట్టెతో సహా, ఆడవాళ్ల నవ్వుతో సహా చెప్పింది. ఆ రోగం పేరు విన్న గదిలోనే మేం నలుగురం నవ్వాం. గార్డుగారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వు ఆగాక ఆమె అసలు ప్రశ్న అడిగింది. "ఇదంతా మీకెట్ల తెలుసు?"

"స్కానింగుల్లో కొంత కనపడుతుంది. ఎలుకల మీద చూసింది కొంత. కానీ ఖాయంగా తెలిసేది చనిపోయినవాళ్ల మెదళ్లు చూస్తేనే. ఇచ్చేవాళ్లు తక్కువ."

"మా బస్తరోళ్లవి ఉన్నయా?"

"మా దగ్గర ఒక్కటీ లేదమ్మా."

"అయితే నాది తీస్కోండి."

పక్కింటికి కూర పెడుతూ, ఇంకో గరిటె ఉంది తీసుకోమన్నంత తేలికగా అంది.

తిరుగు దారిలో ప్రతి సొరంగమూ గార్డుగారికి తెలుసు. ఎప్పుడు వెళ్లినా పేరుపేరునా చూపిస్తూ వచ్చేవారు. ఆ రోజు అరకు కొండలు దాటిపోతున్నా కిటికీకేసి తల తిప్పలేదు. కోరాపుట్ దాటాక ఒక్కసారిగా అన్నారు.

"నా పెళ్లాం తలకాయి నాను కోయించాలేటి?"

"నువ్వెందుకు కోస్తవ్? డాక్టర్లు కోస్తరు."

"నవ్వులాటేటే నీకు?"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఈసారి లెక్కపెట్టడానికి కాదనుకుంటాను, చాలాసేపు వదల్లేదు. "ఇను. నేను ఉద్యోగమంతా రోగం వచ్చినంక దాని ఎనకబడి ఉరికిన. దారి తెలిస్తే ముందుపోయి కాపు కాయొచ్చు. నాకు గాకున్నా ఎవరికో. నా లోపల అది ఏ దారిన పోయిందో చూస్కోనీ. మట్టిల పెడితే ఎవరు చూస్తరు? రేపు నాకు ఈ మాట యాదికుండదు. నీకుండాలె. ఈ బిడ్డ సాక్ష్యం."

బండి జైపూర్ దాటేటప్పటికి ఆయన, "సరేలేవే, నువ్వు సెప్పినట్టే" అన్నారు.

పాస్టరుగారు అడ్డు చెప్పలేదు. మట్టికి పోయేది మనిషికి పనికొస్తే దేవుడు కాదంటాడా అన్నారు. అడ్డు వచ్చింది గొల్లపల్లి చెల్లెలు. కబురు తెలిసిన వెంటనే దిగింది. అక్కలాగే పొట్టి మనిషి, అక్కకంటే పెద్ద గొంతు.

"తలకాయ కోసి సీసాల పెడతరంట! పైన మన పెద్దోళ్లు నిన్నెట్ల గుర్తు పడతరక్కా? నీ సమాధికాడ రాయి నిలబెడితే ఆ రాయిల ఎవరొచ్చి ఉంటరు?"

"ముఖం చూసి గుర్తు పడతరే. ముఖం ముట్టుకోరు, అడిగిన. లోపలిదాన్ని చూసి నన్ను ఇప్పటిదాంక ఎవరు గుర్తుపట్టిన్రు? నువ్వు పట్టినవా?"

అక్కచెల్లెళ్లు అంతగా పోట్లాడుకోవడం మేం ఎన్నడూ వినలేదు. ఆ సారి చీమల పచ్చడి మూత కూడా తియ్యలేదు. "నేను బతికుండంగ కానియ్య" అని చెల్లెలు బస్సెక్కి వెళ్లిపోయింది.

తర్వాతి ఏళ్లలో రోగం డాక్టరమ్మ చెప్పిన దారినే వచ్చింది. మాట నిలిచినన్నాళ్లూ సిస్టరమ్మ దాని రాకను మాకు తనే చెప్పేది. ఒకరోజు సంతకు వెళ్లి ఇంటిదారి మరిచిపోయింది. గుడ్డల దుకాణం మెట్ల మీద కూర్చుని ఉంటే నేను చూసి తీసుకొచ్చాను. దారిపొడుగునా నా చేతిని ఊపుతూ, "చూసినవా, దారులు చూస్కునే ఊరికి చేరింది. డాక్టరమ్మ చెప్పినట్టే. దొంగముండ, అడ్రస్సు తప్పట్లే" అంది. భయం లేదని కాదు. వేళ్లు నన్ను గట్టిగా నొక్కుతూనే ఉన్నాయి. కానీ ఆ రోగాన్ని ఎదురుగా నిలబెట్టి, పేరుపెట్టి తిట్టిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

మాటలు పోవడం హిందీతో మొదలైంది. ఎవరైనా హిందీలో పలకరిస్తే నవ్వి ఊరుకునేది. తర్వాత హల్బీ. గోండీ కొన్నాళ్లు మెరిసి ఆరిపోయింది. ఒక వేసవిలో ఆమె తెలుగు కూడా పలచబడి, గార్డుగారి "ఏటి"కి "ఏంది" అని బదులు రావడం మానేసింది. చిన్నప్పటి దొర్లి ముక్కలు మాత్రమే మిగిలాయి. అవి మాకెవరికీ రావు.

ఆ వేసవిలోనే ఏరు గొడవ జరిగింది. మధ్యాహ్నం అయ్యేసరికి సిస్టరమ్మ "ఏరు, ఏరు" అని గార్డుగారి చొక్కా లాగేది. ఏటికి వెళ్లాలనుందని ఆయన అనుకున్నారు. గొల్లపల్లిలో చిన్నప్పుడు ఏటి ఒడ్డున తిరిగినదేమో గుర్తొస్తోంది పాపం అని, ఎండలో గొడుగు పట్టి ఊరి చివరి వాగు దాకా నడిపించుకు వెళ్లేవారు. వాగు చూసి ఆమె ఇంకా ఏడ్చేది. చేతులతో ఆయన్ని కొట్టేది. ఆయన రాయి మీద కూర్చుని, "ఇదే కదే ఏరు, ఇంకే ఏరు కావాలే నీకు?" అని ఆమెతోపాటు ఏడ్చేవారు. అలా కొన్నాళ్లు గడిచాక ఆమె నీరసించి పడిపోయింది.

నేనే గొల్లపల్లికి ఫోను చేయించాను. చెల్లెలు కోపం మరిచిపోకుండానే వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో సిస్టరమ్మ మంచం మీద నుంచి ఎండిన పెదవులతో "ఏరు" అంది.

చెల్లెలు సంచి కింద పడేసి బిందె దగ్గరికి పరుగెత్తింది. చెంబుతో నీళ్లు తెచ్చి నోటికి అందించింది. సిస్టరమ్మ గటగటా తాగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తాగింది.

"ఏరంటే నీళ్లు బావా!" అని చెల్లెలు అరిచింది. "మా మాటల ఏరంటే నీళ్లు. దాహానికి చచ్చిపోతుంటే వాగులెంబడి తిప్పుతున్నవా?"

గార్డుగారు గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయారు. ఆ చెంబు చేతిలోకి తీసుకుని, "నాకు నేర్పమ్మా. ఆ మాటలన్నీ నేర్పు" అన్నారు.

చెల్లెలు ఉండిపోయింది. గొల్లపల్లి పొలం కొడుకులకు అప్పగించి, పంటల వేళకు వెళ్లి వస్తూ అక్క దగ్గరే గడిపింది. పొద్దున్నే వాకిట్లో పాఠం జరిగేది. ఆకలంటే ఏమనాలి, నొప్పంటే ఏమనాలి, దా, కూర్చో, భయం లేదు. ఆయన పలికేదానికి చెల్లెలు తల పట్టుకునేది. "అట్ల గాదు బావా! నువ్వన్నదానికి పంది అని అర్థం!" ఇద్దరి తగువూ వింటూ సిస్టరమ్మ కుర్చీలో కూర్చుని దుప్పటి మడతపెట్టేది. ఆసుపత్రి పద్ధతిలో నాలుగు మూలలూ సమానంగా తెచ్చి, చేత్తో ముడత తీసి, మళ్లీ విప్పి మడిచేది. తన పేరే తెలియని ఆ మనిషి చేతులు పని మాత్రం తప్పలేదు. పక్కన ఎవరు కూర్చున్నా మణికట్టు పట్టుకునేది. అది ఎవరి చెయ్యో ఆమెకు తెలియదు. నాడి దొరికితే మాత్రం తల ఊపేది, బాగుందన్నట్టు.

గార్డుగారి దొర్లి ఎన్నడూ బాగుపడలేదు. కానీ ఒకరోజు ఆయన ఏదో అంటే సిస్టరమ్మ కిలకిలా నవ్వింది. ఏమన్నారని చెల్లెల్ని అడిగాను. "అన్నం తిన్నవా అనబోయి, నన్ను పెండ్లి చేస్కుంటవా అన్నట్టన్నడు" అంది. "ఏమంది మరి?" అంటే, చెల్లెలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మా నాయన్ని అడుగు అన్నది."

పోయిన వానాకాలం మొదట్లో, ఒక ఉదయం గంజి తాగుతూనే సిస్టరమ్మ వెళ్లిపోయింది. నేను స్కూలుకి పాఠాలు చెప్పడానికి బయల్దేరుతుంటే చెల్లెలి ఏడుపు వినపడింది.

ఒకరోజు లోపల, చల్లగా ఉంచి విశాఖ చేర్చాలని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. నేను ఫోను చేస్తే, "బయల్దేరండి, మేం సిద్ధంగా ఉంటాం" అంది. బండి మాట్లాడాం. చేపల అంగడి నుంచి ఐసు వచ్చింది. అన్నీ వాకిట్లోకి వచ్చాక చూస్తే, చెల్లెలు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. రెండు చేతులూ రెండు ద్వారబంధాలకు ఆనించింది.

"చెప్పిన గదా. నన్ను దాటిపోండి."

ఎవరూ కదల్లేదు. పొద్దు ఎక్కుతోంది. పాస్టరుగారు ఏదో అనబోతే ఆమె చూసిన చూపుకు ఆగిపోయారు. అప్పుడు గార్డుగారు వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నారు. దొర్లిలో మాట్లాడటం మొదలుపెట్టారు. తడుముకుంటూ, ముక్కలు ముక్కలుగా. ఆయన చెప్పింది నాకు తర్వాత చెల్లెలే తెలుగులో చెప్పింది. మీ అక్క నన్ను ఒక్కటే అడిగింది. తను మరిచిపోయినా నేను మరవొద్దంది. నేను మరిచిపోతే ఆమె నోట్లో మాట పోయినట్టే. ఆమెకు నీళ్లు ఇవ్వలేని మొగుణ్ణి. ఇదైనా ఇవ్వనీ.

అంత పొడుగు మాట ఆయన ఆ భాషలో ఎప్పుడూ అనలేదు. తప్పులు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. చెల్లెలు ఒక్కటీ దిద్దలేదు. ఆయన్ని చూస్తూ చూస్తూ చేతులు కిందికి దించింది. లేచి, అక్క తెల్లచీర కుచ్చిళ్లు సర్ది, అందరికంటే ముందు తనే బండెక్కింది.

"నేను గూడ వస్త. అక్క ఒక్కతే పోగూడదు."

గీదం దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి, ఖనిజం లారీలు బారులు తీరి ఉన్నాయి. మా డ్రైవరు తల పట్టుకున్నాడు. చెల్లెలు దిగి లారీల మధ్య నడుచుకుంటూ పోయింది. గోండీలో, హల్బీలో, తెలుగులో, దొరికిన మాటలతో అరిచింది. మా అక్క, బచేలి సిస్టరమ్మ, బండిల ఉంది, చచ్చిపోయినంక గూడ డ్యూటీకి పోతుంది, దారియ్యండి! గొడ్డళ్లు ఉన్నవాళ్లు చెట్టు దగ్గరికి పరుగెత్తారు. రోడ్డు పక్క ఊరి ఆడవాళ్లు వచ్చి కొమ్మలు లాగారు. వాళ్లలో ఒకామె బండి తలుపు తీయించి, సిస్టరమ్మ మణికట్టు ఒకసారి పట్టుకుని వదిలింది. లారీలు ఒక్కొక్కటీ పక్కకు ఒరిగాయి. ఆ సందులోంచి మా బండి దూరి బయటపడుతుంటే, ఒక డ్రైవరు హారను కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. ఆ మోత జగదల్‌పూర్ రోడ్డు మలుపు దాకా మా వెనకే వచ్చింది. గార్డుగారు కిటికీలోంచి చెయ్యి చాచి ఊపుతూనే ఉన్నారు.

దీపాలు పెట్టే వేళకు విశాఖ చేరాం. డాక్టరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "అందింది. టైముకి అందింది" అని గార్డుగారి చేతులు పట్టుకుంది. మర్నాడు సిస్టరమ్మను బచేలి తెచ్చి మట్టి చేశాం. పెట్టె మూసేముందు చెల్లెలు వంగి ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. "మా అక్కే" అంది పెద్దల కోసమన్నట్టు, ఆకాశంకేసి.

ఈ వేసవిలో డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. గార్డుగారు, చెల్లెలు, నేను వెళ్లాం. చిన్న గదిలో తెరమీద సిస్టరమ్మ మెదడు ముక్కల బొమ్మలు వేసి చూపించింది. ముక్కలకు రంగు మందు పట్టిస్తే రోగం తిన్నచోట గోధుమరంగు మచ్చలు పడతాయట. కణతల లోపలి భాగమంతా గోధుమరంగే. అక్కణ్ణుంచి మాటల చోటు, దారుల చోటు. డాక్టరమ్మ ఒక చోటు చూపించి, ఇది మొదలైనచోటికి ఆనుకునే ఉంది, అయినా మచ్చలు తక్కువ అంది. ఇంకోటి చూపించి, ఇది ఎంతో దూరం, కానీ తీగలు గట్టిగా కలుస్తాయి, చూడండి ఎలా నిండిపోయిందో అంది. ఒక్కరి మెదడుతో రుజువు కాదనీ, కానీ ఇలాంటివి పోగుపడితేనే దారికి అడ్డం వేసే మందు గురించి ఆలోచించగలమనీ చెప్పింది. విద్యార్థులకు ఈ బొమ్మలు చూపించేటప్పుడు గజ్జి కథే చెబుతోందట. వాళ్లు ఇక మరిచిపోరట.

చివరి బొమ్మ తెరమీదికి వచ్చింది. అది దాదాపు తెల్లగా ఉంది. అక్కడక్కడా ఒకటీ అరా మచ్చ.

"ఇదేటమ్మా?" గార్డుగారు లేచి దగ్గరికి వెళ్లారు.

"చేతుల్ని కదిలించే చోటు. ఇక్కడికి అది పెద్దగా రాలేకపోయింది."

ఆయన తెరకేసి చూస్తూ నిలబడ్డారు. ఆ నిలబడటంలో ఏడుపు లేదు. ఈల వేసి బండిని సరిగ్గా బయల్దేరదీసిన గార్డు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డారు.

అప్పుడు చెల్లెలు డాక్టరమ్మను అడిగింది.

"ఈ రోగం లేనోళ్లవి మీకు పనికొస్తయా?"

"చాలా పనికొస్తాయమ్మా. పక్కన పెట్టి పోల్చి చూడాలి కదా. అవే అసలు దొరకవు."

"అయితే నాది రాస్కోండి." చెల్లెలు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఒక్క తల్లి బిడ్డలం. ఒక్క ఊరు, ఒక్క నీళ్లు. మా అక్కది, నాది పక్కపక్కన పెట్టి చూడండి. దానికి ఏ దారిన వచ్చిందో, నాకెందుకు రాలేదో తెల్సుకోండి."

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే గాదు తల్లీ," అని చెల్లెలు గది దద్దరిల్లేలా నవ్వింది. "ఇంకా చానా ఏండ్లు నాకు పనుంది దీంతోని. ఎనక తీస్కుందురు!"